గద్వాల చీర ఉతికాక అంచు అలలు తిరిగింది, మోసపోయినట్టేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా: నూలు బాడీ, పట్టు అంచు, పట్టు కొంగు ఉన్న గద్వాల చీర. నాలుగుసార్లు కట్టాక ఇంట్లోనే చన్నీళ్ళలో బట్టల సబ్బుతో ఉతికారు. ఆరేసరికి రెండు అంచులూ అలలు తిరిగాయి, మెరూన్ అంచు రంగు గంధం రంగు బాడీ మీదికి అంగుళం మేర దిగింది. అమ్మినవాళ్ళు మోసం చేశారా, చీరని బాగుచేయొచ్చా, ఈసారి కొనేటప్పుడు ఏం చూడాలి, గంజి పెట్టొచ్చా అని అడిగారు.

ముందు సూటి జవాబు. అలలు తిరగడం మోసానికి సాక్ష్యం కాదండి. చీరలో అసలు పట్టు ఉందనడానికీ అది సాక్ష్యం కాదు, ఎందుకంటే పాలిస్టర్ అంచైనా ఇలాగే తిరుగుతుంది. పట్టు అవునో కాదో విడిగా పరీక్షించాలి, ఆ పద్ధతి కింద చెప్తాను. అలల్ని కట్టుకున్నప్పుడు కనబడనంతగా తగ్గించుకోవచ్చు. రంగు మరక మీద ఇంకా ఇస్త్రీ పెట్టకపోయి ఉంటే చాలావరకు పోతుంది. కాబట్టి ఇది చదవడం పూర్తయ్యేదాకా ఆ చీరకి ఇస్త్రీపెట్టె తగలనివ్వకండి.

అలలు ఎందుకు తిరిగాయి

ఒకే చీరలో రెండు వేర్వేరు ప్రాణాలున్నాయి. నూలు చెట్టు నుంచి వచ్చింది, రసాయనికంగా సెల్యులోజ్. పట్టు పురుగు నుంచి వచ్చింది, అది మాంసకృత్తి, మన వెంట్రుకకి దగ్గరి చుట్టం. నీళ్ళు, వేడి, సబ్బు, ఎండ, పురుగు, దేని దగ్గరైనా ఈ రెండూ ఒక్కలా ప్రవర్తించవు. గద్వాల చీరకి వచ్చే తిప్పలన్నిటికీ మూలం ఇదే.

నూలు పోగు తడిస్తే ఉబ్బుతుంది. పొడవు దాదాపు అంతే ఉంటుంది, లావు మాత్రం బాగా పెరుగుతుంది. నేతలో పొడవునా సాగే పడుగు పోగు ఒక పేక పోగు (అడ్డంగా నేసేది) పైనుంచి ఎక్కి, తర్వాతి పోగు కిందనుంచి దిగుతూ పోతుంది కదా. పేక పోగులు లావెక్కితే పడుగు పోగు ఎక్కి దిగే దారి పెరుగుతుంది. పోగు పొడవు పెరగదు కాబట్టి బట్టే పొట్టి అవుతుంది. దీనికి తోడు, మగ్గం మీద పడుగు రోజుల తరబడి బిగదీసి ఉంటుంది. నేతకి ముందు పెట్టిన గంజి ఆ సాగుని అలాగే పట్టి ఉంచుతుంది. మొదటిసారి నీళ్ళలో పడగానే గంజి కరుగుతుంది, పోగు మళ్ళీ వెనక్కి ముడుచుకుంటుంది. అందుకే చేనేత నూలు బట్ట మొదటి ఉతుకులోనే ఎక్కువ దగ్గరపడుతుంది, తర్వాత తర్వాత చాలా కొద్దిగానే.

పట్టు పోగు నున్నగా, పొడవుగా ఒకే ధారగా ఉంటుంది. అంచులో పట్టుకి తోడు జరీ కూడా ఉంటుంది, లోహం నీళ్ళు తాగి ఉబ్బదు. కాబట్టి అంచు నూలంతగా ముడుచుకోదు.

లెక్క వేసి చూడండి. బాడీ 3 శాతం, అంచు 1 శాతం ముడుచుకున్నాయి అనుకుందాం. 5.5 మీటర్ల చీరలో బాడీ 16.5 సెంటీమీటర్లు తగ్గుతుంది, అంచు 5.5 సెంటీమీటర్లే తగ్గుతుంది. అంటే బాడీ కంటే అంచు 11 సెంటీమీటర్లు పొడవైపోయింది. రెండిటినీ పోగు పోగుకీ కలిపి నేశారు కాబట్టి ఆ 11 సెంటీమీటర్లకి పోవడానికి చోటు లేదు. అంచు పొడవునా చిన్న చిన్న అలలుగా పంచుకుంది. మీరు చూస్తున్నది అదే.

ముందు ఏ రకం ముడతో తేల్చుకోండి

ముడతలన్నీ ఒకటి కావు, మందు కూడా ఒకటి కాదు. చీరని నేలమీద దుప్పటి పరిచి, దాని మీద వెడల్పుగా పరవండి.

రెండు అంచులూ అలలుగా ఉండి, బాడీ చదునుగా ఉంటే పైన చెప్పిన కారణమే. మీరు రాసినదాన్నిబట్టి మీది ఇదే.

కింది అంచు మాత్రమే, అదీ ఫాల్ కుట్టినంత మేర మాత్రమే ముడత పడి, పై అంచు బాగానే ఉంటే తప్పు చీరది కాదు, ఫాల్‌ది. ఫాల్ రెండున్నర మీటర్ల పైచిలుకు ఉండే నూలు పట్టీ. దాన్ని ముందు తడిపి ఆరబెట్టకుండా కుట్టేస్తే, మొదటి ఉతుకులో అది అంచుకంటే ఎక్కువ ముడుచుకుని అంచుని లాగేస్తుంది. ఫాల్ విప్పితే సగం సమస్య అక్కడికక్కడే తీరుతుంది. అంచు పాడైందని జనం తెచ్చే చీరల్లో ఇలాంటివి చాలానే ఉంటాయి. నేతగాళ్ళని తిట్టుకునే ముందు ఫాల్ కుట్టు చూసుకోవాలి.

అంచు బిగుసుకుపోయి, బాడీ మధ్యలో ఉబ్బెత్తుగా తేలితే అది తిరగబడిన కేసు. అంచు పడుగు మగ్గం మీద మరీ బిగువుగా ఉండిపోవడం వల్ల గానీ, పట్టులో జిగురు పూర్తిగా తీయకపోవడం వల్ల గానీ, వేడినీళ్ళ వల్ల గానీ వస్తుంది. పట్టుకాయ నుంచి తీసిన పోగు చుట్టూ సెరిసిన్ అనే జిగురు ఉంటుంది, పోగు బరువులో ఇంచుమించు 20 నుంచి 25 శాతం అదే. సబ్బు నీళ్ళలో ఉడకబెట్టి దాన్ని తీస్తేనే పట్టుకి మెత్తదనం, మెరుపు వస్తాయి. సరిగా తీయని పట్టు గరగరలాడుతుంది, తర్వాత తడిసినప్పుడు ఇంకా మారుతూనే ఉంటుంది. ఈ రకం ముడతని ఇంట్లో సరిచేయడం కష్టం, రోలింగ్ (చీరని రోలర్‌కి చుట్టి సాపు చేయడం) చేసేవాళ్ళకి ఇవ్వడమే మేలు.

రంగు మరక సంగతి ముందు చూడండి

వరస ముఖ్యం. ముందు మరక, ఆ తర్వాతే అలలు. అలలు పోవాలంటే వేడి కావాలి, వేడి తగిలిందంటే మరక పాతుకుపోతుంది.

మీకు అనుకూలంగా ఉన్న విషయం ఒకటుంది. పట్టుకి సాధారణంగా వాడేవి యాసిడ్ రంగులు. అవి మాంసకృత్తిని పట్టుకుంటాయి గానీ నూలుతో వాటికి నిజమైన పొత్తు కుదరదు. కాబట్టి పట్టు అంచు నుంచి నూలు బాడీ మీదికి దిగిన రంగు పైపైన కూర్చుని ఉంటుంది, తీయడానికి వీలుంటుంది. ఇదే తిరగబడి, నూలు బాడీ రంగు పట్టు అంచు మీదికి ఎక్కి ఉంటే తీయడం చాలా కష్టం. నూలుకి వాడే రంగులు చాలావరకు పట్టుని కూడా గట్టిగానే పట్టుకుంటాయి.

చేయవలసింది ఇది. మరక ఉన్న చోట కింద మడిచిన తెల్ల తువ్వాలు పెట్టండి. ఒక లీటరు చల్లటి నీళ్ళలో అర చెంచా తటస్థమైన ద్రవ సబ్బు కలపండి. పట్టుబట్టలకి, ఊలుకి అని అమ్మేది. దూది ముద్ద అందులో ముంచి పిండి, మరక మీద అద్దండి, రుద్దకండి. బాడీ వైపు నుంచి అంచు వైపుకి అద్దుతూ వెళ్ళాలి, అంచు నుంచి బాడీ వైపుకి వస్తే కొత్త రంగు తెచ్చి పూసినట్టే. రెండు నిమిషాలయ్యాక చీర తిరగేసి వెనకనుంచి చన్నీళ్ళు పోసి తువ్వాలులోకి దించండి. ఇంకో పొడి తువ్వాలుతో ఒత్తి తడి లాగేయండి. దూది మీదికి రంగు వస్తున్నంతసేపూ నాలుగైదు సార్లు ఇదే చేయొచ్చు. దూది తెల్లగా వస్తోందంటే వచ్చేది వచ్చేసింది, అక్కడితో ఆపండి. మధ్యలో చీరని ఆరనివ్వకూడదు.

కొందరు డ్రైక్లీనింగ్ వాళ్ళు, అద్దకం వాళ్ళు ఇలాంటి మరకకి హైడ్రోస్ అనే రంగు లాగే మందు వేస్తామంటారు. అది మరక రంగునీ, బాడీ రంగునీ వేరుచేసి చూడదు, రెండూ లాగేస్తుంది. గంధం రంగు బాడీ మీద తెల్ల మచ్చ మిగులుతుంది. ఒప్పుకోకండి. క్లోరిన్ బ్లీచ్ అయితే అసలు దగ్గరికే రానివ్వకూడదు, ఎందుకో కింద పరీక్ష దగ్గర తెలుస్తుంది.

ఉప్పునీళ్ళ సంగతి. మొదటిసారి ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు గట్టిపడుతుందని ప్రతి ఇంట్లోనూ చెప్తారు. ఉప్పు రంగుని కట్టదు. కొన్ని రకాల నూలు రంగులు ఆ ఉప్పునీళ్ళలో ఉన్నంతసేపూ తక్కువగా దిగుతాయి, అంతే. తర్వాత మంచినీళ్ళలో పెడితే దిగేది దిగుతుంది. పట్టు అంచుకి దానివల్ల ఒరిగేది లేదు, పైగా జరీకి ఉప్పు మంచిది కాదు.

రంగు దిగడానికి అసలు కారణం మీ సబ్బే. బట్టల సబ్బుబిళ్ళ క్షారం, పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. యాసిడ్ రంగుని పట్టుకి ఎక్కించేది పుల్లటి నీళ్ళలో వేడి మీద. క్షారంలో పెడితే అది పట్టు వదిలి బయటికి వస్తుంది. చన్నీళ్ళే వాడాను కదా అని మీరు రాశారు. చన్నీళ్ళు వాడటం మంచిదే, కానీ సబ్బు చేసే పని సబ్బు చేసేసింది. అదే సబ్బు నూలుని ఏమీ చేయదు, నూలు క్షారాన్ని బాగా తట్టుకుంటుంది. పట్టుని మాత్రం ప్రతి ఉతుకులోనూ కొంచెం కొంచెంగా తింటుంది. ముందు మెరుపు పోతుంది, ఆ తర్వాత మడతల దగ్గర చీలుతుంది.

అలలు తీసే పద్ధతి

ఇద్దరు మనుషులు కావాలి. అంచు పొడవైంది కదా అని అంచు పట్టుకుని లాగేవాళ్ళు ఎక్కువ, అదే పెద్ద పొరపాటు. పొట్టి అయింది బాడీ. లాగవలసింది బాడీనే.

1. ఫాల్ విప్పేయండి. అది ఉంచి ఎంత లాగినా లాభం లేదు.

2. బాడీ మీద మంచినీళ్ళు సన్నగా స్ప్రే చేసి, చుట్టగా చుట్టి, తడి లోపలికి సమంగా పాకేలా ఇరవై నిమిషాలు ఉంచండి. నీళ్ళు కారకూడదు, చేతికి చల్లగా తగిలితే చాలు. అంచు మీద నేరుగా నీళ్ళు కొట్టకండి.

3. చీరని పొడవు వైపు నాలుగు మడతలు పెట్టకండి. మీటరు, మీటరున్నర చొప్పున తీసుకుని, ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి బాడీని రెండు చేతుల్లోకి కూడదీసి పట్టుకోండి. అంచులు చేతుల బయట వదులుగా వేలాడాలి. నెమ్మదిగా బరువు వేసి లాగి, పది అంకెలు లెక్కపెట్టి వదలండి. ఒక్క ఊపున గుంజితే నూలు, పట్టు కలిసే గీత దగ్గర పోగులు జరుగుతాయి, ఆ గీతే ఈ చీరలో అన్నిటికంటే సున్నితమైన చోటు.

4. ఆ తడి ఉండగానే బాడీని నూలు వేడి మీద ఇస్త్రీ చేయండి, పెట్టె మీద మూడు చుక్కలు. పెట్టె వెళ్ళేది పొడవు దిశలోనే, ఇంకొకరు అటు చివర కొద్దిగా బిగదీసి పట్టుకోవాలి. అంచుకి వేలెడు దూరంలో ఆగిపోవాలి.

5. తర్వాత అంచు. చీర తిరగేసి, పైన పల్చటి నూలుగుడ్డ వేసి, రెండు చుక్కల వేడికి మించకుండా, అల మీద పెట్టె పైనుంచి ఒత్తి ఎత్తండి. జరపకండి. ఆవిరి పెట్టె ఉంటే అంగుళం ఎత్తులో ఆవిరి వదిలి, చేత్తో అలని లోపలికి అదిమి, ఆ తర్వాత ఒత్తితే పట్టు కొంచెం సర్దుకుంటుంది. జరీ మాత్రం సర్దుకోదు. వెడల్పాటి జరీ అంచైతే అలలు పూర్తిగా పోవు.

నిజం చెప్పాలంటే ఇది శాశ్వతం కాదు. మళ్ళీ తడిపితే నూలు మళ్ళీ కొంత ముడుచుకుంటుంది. కానీ పెద్ద ముడుపు మొదటిసారే అయిపోయింది కాబట్టి ఈసారి తక్కువే ఉంటుంది. ఓపిక లేకపోతే చీరల రోలింగ్ చేసేవాళ్ళకి ఇవ్వండి. "పాలిష్ వద్దు, బాడీని సాగదీసి రోల్ చేయండి" అని స్పష్టంగా చెప్పండి. పాలిష్ పేరుతో పూసే జిగురు పట్టు మెరుపుని కప్పేస్తుంది, తర్వాత పురుగుల్ని పిలుస్తుంది.

ఇక మీదట ఎలా ఉతకాలి

మొదటి రెండు మూడు సార్లు డ్రైవాష్‌కే ఇవ్వండి. డ్రైవాష్‌లో వాడే ద్రవానికి నూలు ఉబ్బదు, కాబట్టి ముడుచుకోదు, యాసిడ్ రంగు కూడా దిగదు. కానీ డ్రైవాష్ అన్నిటికీ పనికిరాదు. చెమట ఉప్పు నీళ్ళలోనే కరుగుతుంది, ఆ ద్రవంలో కరగదు. కట్టిన ప్రతిసారీ డ్రైవాష్ చేయించినా నడుము దగ్గర, చంక దగ్గర పసుపు మచ్చలు, గట్టిదనం వస్తాయి. అందుకని ఎప్పుడో ఒకప్పుడు నీళ్ళు తప్పవు.

నీళ్ళలో పెట్టే ముందు పరీక్ష: తెల్ల నూలుగుడ్డ తడిపి, అంచు లోపలివైపు ఒక మూల, కొంగు ఒక మూల, బాడీ ఒక మూల, ఒక్కోచోట అర నిమిషం గట్టిగా ఒత్తండి. గుడ్డకి లేత చారలు అంటితే జాగ్రత్తగా ఉతకొచ్చు. ముద్దగా రంగు అంటితే ఇంట్లో వద్దు.

బకెట్‌లో 15 లీటర్ల చన్నీళ్ళు, తటస్థ ద్రవ సబ్బు రెండు చెంచాలు. కుంకుడుకాయలు కూడా మంచివే, వాటి రసం క్షారం కాదు. పెచ్చులు నాలుగైదు కాయలవి నానబెట్టి, పిసికి, గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి, లేకపోతే లేత రంగు బాడీ మీద గోధుమ చుక్కలు పడతాయి. తెల్లటి, గంధం రంగు చీరలకి ద్రవ సబ్బే నయం. చీరని నీళ్ళలో వదిలేసి వేరే పనికి వెళ్ళకండి, నానబెట్టడం మూడు నిమిషాలకి మించొద్దు. పైకీ కిందికీ ముంచి తీయడమే, రుద్దడం లేదు. నీళ్ళు రెండుసార్లు మార్చి జాడించండి.

పిండకూడదు. తడిసిన నూలుకి బలం పెరుగుతుంది, తడిసిన పట్టుకి తగ్గుతుంది. ఇక్కడ కూడా ఈ రెండూ వ్యతిరేకమే. మెలిపెట్టి పిండితే బలం తగ్గిన పట్టు అంచు మీదే ఆ భారమంతా పడుతుంది. పెద్ద తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడలో, లావుపాటి కర్ర మీద ఆరేయండి. నైలాన్ తాడు మీద వేస్తే తాడు గుర్తు నూలులో పడిపోతుంది. సగం ఆరాక తీసి, పైన చెప్పినట్టు బాడీ లాగి అప్పుడే ఇస్త్రీ చేసుకుంటే అలలు మళ్ళీ పెద్దవి కావు.

విదేశాల్లో ఉన్నవాళ్ళు అడుగుతుంటారు కాబట్టి: వాషింగ్ మెషీన్‌లో డెలికేట్ సెట్టింగు కూడా వద్దు, డ్రయ్యర్ మాట అసలు తలపెట్టొద్దు.

అది పట్టేనా? పరీక్ష

గద్వాల చీరకి ఒక్కచోట పోగు లాగి చూస్తే సరిపోదు. కొంగు చివరి కుచ్చు నుంచి ఒకటి, అంచు పడుగు నుంచి ఒకటి, అంచు పేక నుంచి ఒకటి, బాడీ నుంచి ఒకటి, జరీ పోగు ఒకటి, విడివిడిగా తీయాలి. ఫాల్ వైపు లోపలి చివర, బ్లౌజు ముక్క కత్తిరించిన చోట పోగులు దొరుకుతాయి.

కాల్చి చూడటం అందరికీ తెలిసిందే. పట్టు నెమ్మదిగా కాలి, మంట తీయగానే ఆరుతుంది, వెంట్రుక కాలిన వాసన, వేళ్ళతో నలిపితే పొడి అయ్యే నల్లటి ముద్ద. పాలిస్టర్ కరిగి గట్టి పూస అవుతుంది, నలగదు. నూలు కాగితంలా అంటుకుని, మంట ఆరాక కూడా నిప్పు పాకుతూ బూడిద మిగులుతుంది. ఇక్కడ చాలామంది దెబ్బతినేది విస్కోస్ (కలప గుజ్జుతో చేసే దారం) దగ్గర. ఆర్ట్ సిల్క్ పేరుతో వచ్చే చాలా బట్టలు అవే. విస్కోస్ కూడా సెల్యులోజే, కాగితంలా కాలుతుంది, ప్లాస్టిక్ వాసన రాదు. "ప్లాస్టిక్ వాసన రాలేదు కాబట్టి పట్టే" అనుకుంటే పొరపాటు. చూడవలసింది ప్లాస్టిక్ వాసన లేకపోవడం కాదు, వెంట్రుక వాసన ఉండటం.

సందేహం మిగిలితే బ్లీచ్ పరీక్ష. గాజు గ్లాసులో కొత్తగా తెరిచిన క్లోరిన్ బ్లీచ్ ద్రవం రెండు చెంచాలు పోసి అందులో రెండంగుళాల పోగు వేయండి. పట్టయితే నురగలా చిన్న బుడగలు వచ్చి, సన్నబడుతూ కరిగిపోతుంది, ఎక్కువలో ఎక్కువ అరగంట నుంచి ముప్పావుగంట. నూలు, విస్కోస్, పాలిస్టర్ రంగు పోయినా పోగు పోగులాగే ఉంటాయి. ఊలు కూడా కరుగుతుంది, చీర అంచులో ఊలు ఉండదు కాబట్టి ఆ అనుమానం అక్కర్లేదు. కిటికీ తెరిచి చేయండి. ఆ బ్లీచ్‌లో వెనిగర్ గానీ, బాత్‌రూమ్ యాసిడ్ గానీ ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. క్లోరిన్ బ్లీచ్ పట్టుబట్ట దగ్గరికి ఎందుకు రాకూడదో ఈ ఒక్క పోగు చూస్తే తెలుస్తుంది.

జరీ పోగుని గోటితో గీరండి. పూత కింద ఎర్రటి రాగి కనబడితే రాగి జరీ. లోహపు రేకు బదులు పల్చటి మెరిసే పొర ఊడి వచ్చి, మంట దగ్గర ముడుచుకుపోతే ప్లాస్టిక్ జరీ. వెండి జరీకి లోపల ఎర్రటి పట్టుదారం వాడటం ఆనవాయితీ, కానీ ఎరుపు ఒక్కటే చూసి నమ్మకండి, చవక జరీకి కూడా ఎర్రదారం వేయొచ్చు.

కొనేటప్పుడు

చీర వెనక్కి తిప్పండి. గద్వాల పనితనమంతా అంచు, బాడీ కలిసే గీతలో ఉంది. కుప్పడం, కుట్టు అంచు అనేది దాన్నే. మూడు నాడెలతో (పేక పోగుని అటూ ఇటూ తీసుకెళ్ళే పనిముట్లు) నేస్తారు, బాడీకి ఒకటి, రెండు అంచులకి రెండు. బాడీ పేక పోగు ఆ గీత దాకా వచ్చి, అంచు పేక పోగుతో మెలికపడి వెనక్కి తిరుగుతుంది. అందుకని గీతకి ఇవతల పూర్తిగా బాడీ రంగు, అవతల పూర్తిగా అంచు రంగు. ఫోన్ కెమెరా బాగా జూమ్ చేసి చూడండి. బాడీ రంగు పోగులు గీత దాటి అంచులోకి పాకుతూ, అంచు రంగు కాస్త మసకగా కనిపిస్తే, బాడీ నూలు పేకనే అంచు దాకా నడిపించారన్నమాట. అది తప్పు కాదు, కానీ పని తక్కువ, పట్టు తక్కువ, ధర కూడా తక్కువ ఉండాలి.

కొంగు మొదలయ్యే చోట కూడా ఇలాగే. అక్కడ నూలు పడుగు ఆగి పట్టు పడుగు మొదలవుతుంది, పోగుకి పోగు చేత్తో కలపాలి. అంగుళానికి 80 పోగులు, 40 అంగుళాల బాడీ అనుకున్నా 3,200 అతుకులు. చేత్తో వెనకవైపు తడిమితే ఒక సన్నటి గరుకు గీత తగులుతుంది. చాలామంది దాన్ని లోపం అనుకుని పక్కన పెట్టేస్తారు, చూస్తే బాధగా ఉంటుంది. అది ఆ చీరలో అన్నిటికంటే ఎక్కువ ఓపిక పెట్టిన చోటు.

దుకాణంలో "80 కౌంటు, 100 కౌంటు, 120 కౌంటు" అంటారు. పౌను నూలులో 840 గజాల చిలపలు (దారం చుట్టలు) ఎన్ని వస్తాయో ఆ లెక్క, కాబట్టి నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం. పట్టుకి చెప్పే డెనియర్ దీనికి తిరగబడి ఉంటుంది. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములో ఆ లెక్క, నంబరు పెరిగితే పోగు లావు. ఈ రెండూ కలిపి గందరగోళంగా చెప్తే అడిగి తేల్చుకోండి.

"సికో" అంటే బాడీలోనే పట్టు, నూలు కలిపి నేసినది, చాలావరకు పడుగు పట్టు, పేక నూలు. అందులో పొడవు వైపు ముడుచుకోవడం తక్కువ, అంచు అలలు తిరగడమూ తక్కువే. అలలంటే మీకు అంత చికాకైతే ఈసారి సికో చూడండి.

గుర్తుల విషయం: గద్వాల చీరకి 2010లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. చేనేత మార్కు చేమగ్గం మీద నేసిందని చెప్తుంది, అందులో ఏ పోగు ఉందో చెప్పదు. కేంద్ర పట్టు మండలి తరఫున వచ్చే సిల్క్ మార్క్ పట్టు గురించి చెప్తుంది, జరీ గురించి చెప్పదు. ఏ గుర్తు ఏ ప్రశ్నకి జవాబో తెలుసుకుని చూడాలి. బిల్లు మీద "బాడీ నూలు, అంచు పట్టు, జరీ ఫలానా" అని రాయించుకోండి. నిజం చెప్పేవాళ్ళు రాయడానికి వెనకాడరు.

దాచేటప్పుడు

ఈ చీరకి శత్రువులు కూడా రెండు రకాలు. పట్టుని తినే పురుగులు వేరు, నూలులోని గంజి కోసం వచ్చే వెండిచేప పురుగులు, బూజు వేరు. మెత్తటి పాత నూలుగుడ్డలో చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ నిలుస్తుంది. నాఫ్తలిన్ ఉండలు జరీకి తగలకూడదు. మూడు నెలలకోసారి తీసి, నీడలో గంటసేపు గాలికి వేసి, పాత మడత మీద కాకుండా కొత్త చోట మడవండి. ఏళ్ళ తరబడి ఒకే మడత ఉంటే జరీ ఆ గీత వెంటే తెగుతుంది, దాంతో పాటు పట్టూ తెగుతుంది.

గంజి పెట్టొచ్చా అని చివర్లో అడిగారు. బాడీకి కావాలనిపిస్తుంది, నిజమే, గంజి లేని నూలు రెండోసారికే నీరసంగా వేలాడుతుంది. కానీ బకెట్‌లో ముంచితే అంచుకీ పడుతుంది, పట్టు మెరుపు చచ్చిపోయి అట్టలా అవుతుంది. బాడీని ఇస్త్రీకి పరిచినప్పుడు అంచు మీద పొడిగుడ్డ కప్పి, స్ప్రే గంజి బాడీ మీద మాత్రం పల్చగా కొట్టండి. అదీ కట్టుకోబోయే ముందు మాత్రమే. గంజితో బీరువాలో పెట్టకండి. ఫాల్ మళ్ళీ కుట్టించేటప్పుడు కొత్త ఫాల్‌ని వేడినీళ్ళలో ఒకపూట నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి ఇవ్వండి, కుట్టు వదులుగా వేయమని చెప్పండి.